తాళంచెవి లేని తాళం

రాత్రి ఎనిమిదైంది. భీమవరం పొలిమేరల్లో ఓ రొయ్యల ప్లాంటు. లోడింగ్ డాక్‌కి వీపు ఆనించి నిలబడి ఉందో నలభై అడుగుల కంటెయినర్. లోపల మైనస్ 18 డిగ్రీల చలి. ఉన్ని టోపీలు, మందపాటి కోట్లు వేసుకున్న కూలీలు అట్టపెట్టెల్ని వరసగా పేరుస్తున్నారు. చివరి పెట్టె లోపలికి వెళ్లింది. లెక్క సరిపోయింది. తలుపులు మూశారు. సూపర్‌వైజర్ జేబులోంచి వేలెడంత ఇనుప బోల్టు తీసి, తలుపు హ్యాండిల్ కొక్కెంలోకి దూర్చాడు. కింది నుంచి దానికి టోపీలాంటి ముక్క తగిలించి గట్టిగా నొక్కాడు.

టక్!

అంతే. ఆ తలుపు మళ్లీ తెరుచుకునేది సముద్రాలకు అవతల, సరుకు కొన్నవాళ్ల గోదాములోనే. మరి తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? ఎవరి దగ్గరా ఉండదు. అసలు ఈ తాళానికి తాళంచెవే లేదు. ఒకసారి వేశాక తియ్యడమంటూ ఉండదు, పెద్ద కత్తెరతో కొయ్యడమే. కోస్తే మళ్లీ అతికించలేం. వ్యాపారం మొత్తం ఆధారపడేది ఆ ఒక్క గుణం మీదే. ఈ తాళం దొంగని ఆపడానికి కాదు. దొంగ వచ్చి వెళ్లాడని చెప్పడానికి!

పార్శిలు లక్క నుంచి...

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. విలువైన పార్శిలు పంపాలంటే గుడ్డలో కుట్టి, కుట్ల మీద లక్క కరిగించి పోసి, ముద్ర వేసిన రోజులు పెద్దవాళ్లకి గుర్తే. గోరుతో గీకితే ఊడిపోయే లక్క దొంగని ఏం ఆపుతుంది? ఆపదు. కానీ ముద్ర చెదిరితే పోస్టుమాస్టరుకి తెలిసిపోతుంది. ఇంటి కరెంటు మీటరుకి వేలాడే సీలూ, ఓట్ల పెట్టెకి చుట్టే కాగితపు సీలూ చేసే పని కూడా అదే. కాపలా కాయవు, సాక్ష్యం చెబుతాయి.

ఎగుమతి సరుకుకీ ఇదే సూత్రం. ఫ్యాక్టరీలో కస్టమ్స్‌కి చెప్పిన సరుకే రేవు దాకా వచ్చిందా? దారిలో ఎవరైనా కొంత తీశారా? ఇంకేదైనా పెట్టారా? ఈ మూడు ప్రశ్నలకీ జవాబు కావాలంటే ప్రతి కంటెయినర్‌నీ విప్పి చూడాలి. ఒక పెద్ద ఓడలో వేల కంటెయినర్లు. అన్నీ విప్పుతూ కూర్చుంటే ఓడలు కదలవు, రొయ్యలు ఆగవు. అందుకే ప్రపంచమంతా ఒక ఒప్పందానికి వచ్చింది. పెట్టె సరైనదై, సీలు చెక్కుచెదరకుండా ఉంటే లోపలి సరుకుని నమ్ముదాం అని.

పెట్టెకీ పరీక్షే!

ఈ ఇనుప పెట్టెల కథ 1956 ఏప్రిల్ 26న మొదలైంది. మాల్కం మెక్‌లీన్ అనే అమెరికన్ రవాణా వ్యాపారి 58 పెట్టెల్ని 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ మీద న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కి పంపాడు. అంతకు ముందు సరుకుని బస్తా బస్తాగా ఎక్కించి, బస్తా బస్తాగా దించేవాళ్లు. రేవులో చిల్లర దొంగతనాలు మామూలే. పెట్టె వచ్చాక సరుకు ఫ్యాక్టరీలో లోపలికి వెళ్లి, కొన్నవాడి గుమ్మంలోనే బయటికి రావడం మొదలైంది.

అయితే కస్టమ్స్‌వాళ్లు సీలు వేయడానికి ప్రతి పెట్టే పనికిరాదు. 1972 నాటి కంటెయినర్ల కస్టమ్స్ ఒప్పందం, 1975 నాటి టీఐఆర్ ఒప్పందం దీనికి నాలుగు షరతులు పెట్టాయి. ఒకటి... సీలు పగలగొట్టకుండా, ఏ ఆనవాలూ మిగలకుండా సరుకు తియ్యడం గానీ పెట్టడం గానీ కుదరకూడదు. రెండు... సీలు తేలిగ్గా, గట్టిగా వేసే వీలుండాలి. మూడు... సరుకు దాచే రహస్యపు అరలు ఉండకూడదు. నాలుగు... సరుకు పట్టే ప్రతి మూలా తనిఖీకి అందాలి. చదవడానికి ఎంత చిన్న షరతులో చూశారా! కానీ తలుపు కీలు బయటి నుంచి విప్పడానికి రాకూడదన్నా, గోడ రేకు ఊడదీసి మళ్లీ బిగించడానికి వీల్లేకుండా ఉండాలన్నా అన్నీ ఈ నాలుగింటిలోంచి పుట్టినవే.

పరీక్షలో నెగ్గిన కంటెయినర్‌కి ఒక లోహపు పలక బిగిస్తారు. 'కస్టమ్స్ సీలు కింద రవాణాకు ఆమోదించడమైనది' అని దాని మీద ఇంగ్లిషులోనో ఫ్రెంచిలోనో రాసుంటుంది. ఏ దేశం ఆమోదించింది, ఆ ఆమోదం నంబరెంత అన్నదీ అందులోనే. ఐరోపాలో రోడ్ల మీద నీలం పలకపై తెల్లటి 'టీఐఆర్' అక్షరాలున్న లారీలు కనిపిస్తాయి. ఆ లారీ నాలుగు దేశాలు దాటినా దారిలో మామూలుగా ఎవరూ సరుకు విప్పరు. సరిహద్దులో సీలు చూస్తారు, కాగితం చూస్తారు, పొమ్మంటారు. మధ్యలో సరుకు మాయమైతే సుంకం కట్టడానికి ముందే హామీ ఉంటుంది. భారత్ ఈ ఒప్పందంలో 2017 జూన్‌లో చేరింది. అదే ఏడాది డిసెంబరు నుంచి మనకి అమల్లోకి వచ్చింది.

పెట్టె ఏదో గుర్తుపట్టడానికి ఒంటి మీద పదకొండు గుర్తులుంటాయి. నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, ఆరు అంకెలు, ఆ పక్కనే చిన్న చదరంలో ఇంకో అంకె. ఈ చివరి అంకె ఊరికే పెట్టింది కాదు. ముందున్న పదింటినీ ఒక లెక్క ప్రకారం కూడి, భాగించి తేల్చింది. గుమాస్తా తొందరలో 6కి బదులు 8 కొడితే లెక్క కుదరక కంప్యూటరు పట్టేస్తుంది.

బోల్టుకీ కులగోత్రాలు

సీళ్లన్నీ ఒకటి కాదు. ఐఎస్‌వో 17712 అనే అంతర్జాతీయ ప్రమాణం వాటిని మూడు తరగతులు చేసింది. చేత్తో లాగితే తెగిపోయే ప్లాస్టిక్ పట్టీలాంటిది మొదటిది. ఎవరో ముట్టుకున్నారని చెప్పడం వరకే దాని పని. రెండోది కాస్త గట్టిది. మూడోది 'హెచ్' తరగతి, అంటే అత్యధిక భద్రత. ఓడెక్కే కంటెయినర్‌కి కావాల్సింది ఇదే. సుమారు ఒక టన్ను బరువు వేలాడదీసినంత బలంతో లాగినా ఊడకూడదు. కోతకీ వంపుకీ సుత్తి దెబ్బకీ విడివిడిగా పరీక్షలుంటాయి. అన్నీ నెగ్గితేనే బోల్టు మీద 'హెచ్' అన్న అక్షరం పడుతుంది. పక్కనే ఒక నంబరు. ఆ నంబరుతో ఇంకో సీలు ఉండకూడదు.

సీలు వేసినవాళ్లు చేయాల్సిన పనులు నాలుగు. కళ్లతో చూడాలి. నంబరు కాగితంతో సరిపోల్చాలి. పట్టుకుని లాగాలి. మెలితిప్పి చూడాలి. మంచి సీలైతే లాగినా రాదు, తిప్పినా విడిపోదు. మరలాగా తిరిగి ఊడివచ్చిందా... దాన్ని ఎవరో ముందే కోసి, లోపల మర చెక్కి, మళ్లీ బిగించారన్నమాట!

సీలు భద్రం... సరుకు మాయం

'ఇంత గట్టి సీలుంటే ఇంకేం భయం?' అనిపిస్తుంది. దొంగలూ అలాగే ఆలోచించారు. కాకపోతే వాళ్లు సీలు జోలికి వెళ్లలేదు. తలుపు జోలికి వెళ్లారు.

శేషాచలం, పాలకొండ, వెలిగొండ కొండల్లో పెరిగే ఎర్రచందనం కథ తెలుగువాళ్లకి కొత్త కాదు. అడవిలో నరికిన దుంగల ఎగుమతి నిషేధం. విదేశాల్లో గిరాకీ మాత్రం తగ్గలేదు. రెవెన్యూ నిఘా విభాగం డీఆర్‌ఐ ఏళ్లుగా పట్టుకున్న కేసుల్లో ఒక పద్ధతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. కాగితాల్లో రాసేది ఏదో మామూలు సరుకు. కంటెయినర్‌లో నింపి, పద్ధతి ప్రకారం సీలు వేయించేదీ ఆ సరుకే. అక్కడి దాకా అంతా సవ్యం. రేవుకి వెళ్లే దారిలో లారీ ఏ మారుమూల గోదాములోకో మళ్లుతుంది. సీలు ముట్టుకోకుండా హ్యాండిల్‌ని తలుపుకి పట్టి ఉంచే రివెట్లు కోసేస్తారు, లేదా కీలు విప్పేస్తారు. హ్యాండిలూ సీలూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి, తలుపు మాత్రం తెరుచుకుంటుంది. పాత సరుకు దిగుతుంది. దుంగలు ఎక్కుతాయి. కొత్త రివెట్లు కొట్టి, పైన రంగు పూస్తారు. రేవులో అధికారి సీలు నంబరు చూస్తాడు. సరిగ్గా ఉంటుంది!

అందుకే ఇప్పుడు సీలుతో పాటు తలుపునీ చూడమంటారు. రివెట్ల మీద కొత్త రంగు మెరుస్తోందా? ఒక బోల్టు తుప్పుపట్టి, పక్క బోల్టు తళతళలాడుతోందా? కొత్త కంటెయినర్లలో చాలావాటికి సీలు వేసే రంధ్రం హ్యాండిల్ దగ్గర కాకుండా, తలుపు కడ్డీ వెళ్లి కూర్చునే కొక్కేనికే పెడుతున్నారు. అక్కడ వేస్తే హ్యాండిల్ విప్పినా కడ్డీ కదలదు.

సరుకు ఎక్కించక ముందు ఖాళీ కంటెయినర్‌ని ఏడు చోట్ల పరీక్షించడం కూడా ఈ జాగ్రత్తలో భాగమే. అడుగు భాగం, తలుపులు, కుడి గోడ, ఎడమ గోడ, ఎదుటి గోడ, పైకప్పు, నేల. గోడ మీద సుత్తితో తట్టి చప్పుడు వింటారు. టేపు పెట్టి లోపలి పొడవు కొలుస్తారు. బయటి కొలతకీ లోపలి కొలతకీ ఉండాల్సిన దానికంటే అడుగు తేడా వచ్చిందా... ఎదుటి గోడ వెనక ఇంకో గోడ ఉన్నట్టే.

అధికారి కోసం ఎదురుచూపులు

మన దేశంలో 2017 దాకా ఫ్యాక్టరీలో కంటెయినర్ నింపాలంటే సెంట్రల్ ఎక్సైజ్ అధికారి రావడం మామూలు పద్ధతి. ఆయన కళ్లముందు సరుకు ఎక్కాలి, ఆయన చేత్తో సీలు పడాలి. పని వేళలు దాటితే ఓవర్‌టైం రుసుము కట్టాలి. రొయ్యల ప్లాంటుకి పని వేళలేమిటి? చెరువు పట్టుబడి ఎప్పుడైతే అప్పుడే పని. ఓడ కటాఫ్ రేపు పొద్దున్న అంటే, ఈ రాత్రికే లారీ కదలాలి. అధికారి ఇంకో ఫ్యాక్టరీలో ఉంటే ఇక్కడ లారీ నిలబడిపోయేది.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. అదే రోజు తేదీతో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 26వ నంబరు సర్క్యులర్ ఇచ్చింది. దాని సారాంశం ఒక్క ముక్కలో చెప్పాలంటే... 'సీలు మీరే వేసుకోండి'. నమ్మకం పెట్టింది. ఆ నమ్మకానికి షరతులూ పెట్టింది.

సరుకు నింపే చోటు ఏదో ఎగుమతిదారు ముందే చెప్పాలి. ఫ్యాక్టరీయో గోదామో, ఏదైనా సరే. మొదటి కంటెయినర్ కదలడానికి కనీసం 15 రోజుల ముందు ఆ ప్రాంతపు కస్టమ్స్ అధికారికి తెలియజేయాలి. అధికారి వచ్చి చోటు చూస్తాడు. కంటెయినర్ నిలబడే వీలుందా, అక్కడ నింపడం సాధ్యమా అన్నది పరిశీలిస్తాడు. 48 గంటల్లో నివేదిక వెళ్లాలి. అనుమతి ఇచ్చేది కమిషనర్ స్థాయిలో. ఒకసారి ఇస్తే, రద్దు చేసేదాకా చెల్లుతుంది. ప్రతి లారీకీ మళ్లీ మళ్లీ అడగనక్కర్లేదు. చోటు మారితే మాత్రం మళ్లీ మొదటి నుంచి. జీఎస్టీలో నమోదు కానివాళ్లకి ఈ వెసులుబాటు లేదు. వాళ్లు సరుకుని రేవు దగ్గరున్న కంటెయినర్ ఫ్రైట్ స్టేషన్‌కో, సనత్‌నగర్‌లాంటి ఇన్‌లాండ్ డిపోకో తెచ్చి అక్కడే నింపించి సీలు వేయించుకోవాలి.

మాట్లాడే సీలు

అధికారి ఉండడు సరే, సీలు ఎప్పుడు వేశారో, ఎక్కడ వేశారో ఎలా తెలుస్తుంది? అందుకే అదే సర్క్యులర్ ఎలక్ట్రానిక్ సీలుని తెచ్చింది. అమలు తేదీ ఒకటికి రెండుసార్లు జరిగి, 2017 నవంబరులో తప్పనిసరైంది. పైకి చూస్తే మామూలు బోల్టు సీలే. లోపల మాత్రం ఆర్ఎఫ్ఐడీ చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. టోల్‌గేటు దగ్గర కారు అద్దానికున్న ఫాస్టాగ్‌ని యంత్రం ఎలా చదువుతుందో దీన్నీ అలాగే చదువుతుంది. బోల్టు కోస్తే చిప్ మూగబోతుంది. అతికించినా మాట్లాడదు.

సీలు వేశాక ఎగుమతిదారు కొన్ని వివరాలు నమోదు చేయాలి. ఎగుమతి కోడ్ నంబరు, షిప్పింగ్ బిల్లు నంబరు, తేదీ, సీలు నంబరు, సీలు వేసిన తేదీ, సమయం, ఏ రేవుకి వెళుతోంది, కంటెయినర్ నంబరు, లాగే లారీ నంబరు. ఇవన్నీ కస్టమ్స్ రిస్క్ మేనేజ్‌మెంట్ వ్యవస్థకి చేరతాయి. రేవు గేటు దగ్గర రీడర్ చిప్‌ని చదువుతుంది. నంబరు కలిసింది, చిప్ పలికింది అంటే సీలు క్షేమం. నిర్దిష్టంగా ఏదైనా సమాచారం ఉంటేనో, కంప్యూటరు ఆ కంటెయినర్‌ని ఎంచుకుంటేనో తప్ప విప్పరు. చిప్ పలకలేదు, సీలుని ఎవరో ముట్టుకున్నారని తేలిందా... తనిఖీ తప్పనిసరి. 'మా తప్పు లేదండీ' అంటే వినే వీలు అక్కడి అధికారికి కూడా లేదు. నిబంధన అది.

నమ్మకస్తుల జాబితా

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాకి ఇంకో భయం పట్టుకుంది. విమానం సరే, కంటెయినర్‌లో బాంబు వస్తే? అదే ఏడాది నవంబరులో 'సీ-టీపాట్' అనే పథకం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ ప్రహరీ దగ్గర్నుంచి లారీ డ్రైవరు గుర్తింపు దాకా పద్ధతిగా ఉంచుకున్న సంస్థల సరుకుకి తనిఖీలు తగ్గిస్తామంది. 2005లో ప్రపంచ కస్టమ్స్ సంస్థ ఇదే ఆలోచనని 'సేఫ్' పేరుతో అన్ని దేశాలకీ అందించింది. మన దేశంలో 'ఆథరైజ్డ్ ఎకనమిక్ ఆపరేటర్' పథకం 2011లో ప్రయోగాత్మకంగా మొదలై, 2016లో మూడు అంచెలుగా రూపు మార్చుకుంది.

ఇందులో చేరాలంటే గేటు దగ్గర రిజిస్టరు ఉండాలి. లోడింగ్ డాక్ దగ్గర ఎవరు పడితే వాళ్లు తిరగకూడదు. సీళ్లు బీరువాలో ఉండాలి, ఎవరు ఎన్ని తీసుకున్నారో లెక్క ఉండాలి. పదిమంది చేతుల్లో పడి తిరిగే సీళ్ల కట్ట అంటే, సంతకం పెట్టి వదిలేసిన చెక్కుబుక్కే కదా!

లోపల సర్దడమూ లెక్కే

సీలు బయట సరే, లోపల సర్దినదానికీ నిబంధనలున్నాయి. 2007 జనవరిలో 'ఎంఎస్‌సీ నపోలీ' అనే ఓడ ఇంగ్లిష్ ఛానల్లో తుపానుకి పగిలింది. ఇంగ్లండ్‌లో డెవన్ తీరాన నిలబెట్టారు. పొడిగా మిగిలిన 660 కంటెయినర్లని తూచి చూస్తే 137 పెట్టెల బరువు కాగితంలో రాసిన దానికి 3 టన్నులకు మించి తేడా! బరువైనది పైనా, తేలికైనది కిందా పేరిస్తే ఓడ గతేం కావాలి? అందుకే 2016 జులై 1 నుంచి నింపిన కంటెయినర్‌ని తూచిన బరువు చెప్పకుండా ఓడ ఎక్కించకూడదన్న నియమం ప్రపంచమంతటా అమల్లోకి వచ్చింది.

చెక్కకీ సర్టిఫికెట్టు కావాలి. గ్రానైట్ పలకలకీ యంత్రాలకీ చెక్క చట్రాలు కడతారు. ఆ చెక్కలో పురుగు దాక్కుని దేశాలు దాటుతుంది. ఆసియాకి చెందిన ఓ పొడవు మీసాల పురుగు 1996లో న్యూయార్క్‌లో బయటపడి వేలాది చెట్లని బలి తీసుకుంది. దాంతో 2002లో 'ఐఎస్‌పీఎం 15' అనే ప్రమాణం వచ్చింది. చెక్క నడిబొడ్డు దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాల పాటు తగలాలి. లేదంటే ఆమోదించిన మరో పద్ధతిలో శుద్ధి చేయాలి. అప్పుడే గోధుమ కంకి ముద్ర పడుతుంది. మన దేశంలో శుద్ధి చేసిన చెక్క మీద ఆ కంకి పక్కన 'ఐఎన్' అనే అక్షరాలుంటాయి. ముద్ర లేని చట్రం మీద కోట్ల రూపాయల యంత్రం ఉన్నా అవతలి రేవు ఒప్పుకోదు. వెనక్కి పంపినా పంపుతుంది.

తుని దగ్గర అర్ధరాత్రి

మళ్లీ మన రొయ్యల లారీ దగ్గరికి వద్దాం. తణుకు దగ్గర జాతీయ రహదారి ఎక్కి, గోదావరి దాటి, తుని, అనకాపల్లి మీదుగా విశాఖ రేవుకి వెళ్లాలి. చలి తగ్గకుండా ట్రెయిలర్ మీద జెన్‌సెట్ రొద పెడుతూ ఉంటుంది. అర్ధరాత్రి దాటాక తుని దగ్గర డ్రైవరు టీ కోసం దిగాడనుకోండి. తిరిగొచ్చాక అతను ముందు చూసేది టైర్లని కాదు. వెనక్కి వెళ్లి సెల్‌ఫోను వెలుగులో సీలు చూస్తాడు. పట్టుకుని ఒకసారి లాగుతాడు.

అతనికి ఐఎస్‌వోలూ సర్క్యులర్లూ తెలియకపోవచ్చు. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ సీలుకి ఏమైనా అయితే మొదటి ప్రశ్న తననే అడుగుతారు. 'లారీ ఎక్కడ ఆపావ్? ఎంతసేపు ఆపావ్? ఎవరెక్కారు?' అందుకే అనుభవమున్న డ్రైవర్లు ఎవరైనా అధికారి దారిలో కంటెయినర్ విప్పాల్సిందే అంటే, ముందు ఫ్యాక్టరీకి ఫోను చేస్తారు. 'అయ్యా, సీలు కోస్తామంటున్నారండీ. కాగితం రాసి సంతకం పెట్టించుకోమంటారా?' అని అడుగుతారు. కోసింది ఎవరు, ఎందుకు, ఎన్నింటికి, తర్వాత వేసిన కొత్త సీలు నంబరెంత... ఈ నాలుగు ముక్కలూ రాసున్న కాగితం లేకపోతే రేవులో ఆ కంటెయినర్ అనుమానితురాలే.

ప్లాంటులో సూపర్‌వైజర్ పరిస్థితీ అంతే. తొందరలో సీలు నంబరులో ఒక్క అంకె తారుమారు చేసి కొట్టాడనుకుందాం. గేటు దగ్గర చిప్ ఒకటి చెబుతుంది, షిప్పింగ్ బిల్లు ఇంకోటి చెబుతుంది. ఇందులో దొంగతనమేమీ లేదు, దురుద్దేశమూ లేదు. అయినా కంటెయినర్ పక్కకి వెళుతుంది. సవరణకి దరఖాస్తు పెట్టాలి, అవసరమైతే తలుపు తెరవాలి. తెరిచిన ప్రతిసారీ విశాఖ ఉక్కపోత లోపలికి దూరుతుంది. రొయ్య మీది పల్చటి మంచు పొర కరిగి మళ్లీ గడ్డకడితే సరుకు రూపం మారిపోతుంది. లోపలున్న ఉష్ణోగ్రత యంత్రం ఎన్నింటికి ఎంత వేడెక్కిందో గీత గీసి ఉంచుతుంది. అవతల కొన్నవాడు ముందు అడిగేది ఆ గీతనే. ఈలోగా ఓడ వెళ్లిపోతే మళ్లీ ఓడ దాకా కంటెయినర్‌ని కరెంటు మీద కాపాడాలి. ఆ అద్దె ఎగుమతిదారు నెత్తిన పడుతుంది. ఎగుమతిదారు నష్టపోతే చివరికి ఆ బరువు చెరువు గట్టు మీద ధర కోసం చూసే రైతు దాకా వస్తుంది. ఒక్క అంకె ఎంత దూరం నడుస్తుందో చూశారా!

ఇక నిజంగానే నేరం జరిగితే... షిప్పింగ్ బిల్లు మీద సంతకం ఎవరిదో బాధ్యత వారిదే. చెప్పిన వివరాలు నిజమని చూసుకోవాల్సింది ఎగుమతిదారేనని 1962 నాటి కస్టమ్స్ చట్టం 50వ సెక్షనే చెబుతోంది. అక్రమంగా ఎగుమతి చేయబోయిన సరుకుని 113వ సెక్షన్ కింద జప్తు చేయొచ్చు, 114వ సెక్షన్ కింద జరిమానా వేయొచ్చు. తెలియకుండా తన పేరున్న కంటెయినర్‌లో ఎర్రచందనం దొరికిన వ్యాపారి, తనకి తెలియదని నిరూపించుకోవాలి. దానికి అతని చేతిలో ఉండే ఆయుధాలు ఏమిటి? కంటెయినర్ ఖాళీగా ఉన్నప్పుడు తీసిన ఫొటో, నింపాక తీసిన ఫొటో, సీలు నంబరు కనిపించేలా తీసిన ఫొటో, గేటు రిజిస్టరులో లారీ వెళ్లిన సమయం. రోజూ విసుక్కుంటూ చేసే ఈ పనులే ఆ ఒక్కరోజు కాపాడతాయి.

సీలు మీరే వేసుకోండి అని ప్రభుత్వం అన్నప్పుడు చాలామంది దాన్ని వెసులుబాటుగానే చూశారు. వెసులుబాటే. కానీ అంతకు ముందు సీలు పోతే జవాబు చెప్పడానికి పక్కన ఒక అధికారి సంతకం ఉండేది. ఇప్పుడు అక్కడున్నది ఎగుమతిదారు సంతకం ఒక్కటే.

మళ్లీ టక్!

తెల్లారుతుండగా లారీ విశాఖ కంటెయినర్ టెర్మినల్ గేటు చేరింది. 2003లో మొదలైన ఈ టెర్మినల్ నుంచి మన రొయ్యలు ఎన్నో దేశాలకి వెళుతుంటాయి. రీడర్ సీలుని పలకరించింది. సీలు తన నంబరు చెప్పింది. తెర మీద నంబరూ అదే. డ్రైవరు ఊపిరి పీల్చుకుని, కాగితం మీద ముద్ర వేయించుకుని, నిద్రకి చోటు వెతుక్కున్నాడు.

నెల పైచిలుకు గడిచింది. భూగోళానికి అవతలి వైపు ఓ శీతల గోదాము. అక్కడి పనివాడు కంటెయినర్ తలుపు దగ్గర నిలబడి బోల్టు మీది నంబరు చదివాడు. పక్కనున్నవాడు కాగితంలో చూసి తలూపాడు. భీమవరం ఏ దిక్కునుందో వాళ్లకి తెలియదు. అక్కడ ఆ రాత్రి ఉన్ని టోపీ పెట్టుకుని పెట్టెలు మోసిందెవరో, తుని దగ్గర సెల్‌ఫోను వెలుగులో సీలు లాగి చూసిందెవరో వాళ్లకి అక్కర్లేదు. వేలెడంత ఇనుప ముక్క వాళ్లందరి తరఫునా ఒకే మాట చెప్పింది... 'దారిలో నన్నెవరూ ముట్టుకోలేదు' అని.

పనివాడు పెద్ద కత్తెర అందుకున్నాడు.

టక్!